పటంలో నక్క నీడ

నా చిన్నప్పుడు మా నాయనమ్మ అనుమానించని మనిషి న్యూజిలాండ్‌లో మేముండే వెల్లింగ్టన్ మొత్తంలో ఒక్కరు కూడా లేరు. అందరికంటే ఎక్కువ అనుమానం పక్క ఫ్లాట్‌లో ఉండే జపాన్ ఆంటీ మీద. ఆవిడ ఎదురైనప్పుడల్లా నడుం వంచి పలకరించేది. "నక్క వినయాలు" అని నాయనమ్మ మొహం మీదే తలుపేసేది.

నాయనమ్మ వీసా అయిపోవచ్చింది. ఆవిడ రాజమండ్రి వెళ్లిపోతే, బడి నుంచి వచ్చాక నన్ను చూసేవాళ్లు లేక అమ్మ ఉద్యోగం మానుకోవాల్సిందే. సంగతి తెలిసి, నేను చూసుకుంటానని ఆంటీ తనే ముందుకొచ్చింది. ఊరికే ఎవరు చేస్తారు, ఇందులో ఏదో మతలబు ఉందని నాయనమ్మ గొడవ. చివరికి ఇల్లెలాంటిదో చూద్దామని నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది.

హాల్లో గోడ మీద చెక్క అచ్చులతో కాగితం మీద అద్దిన పాత బొమ్మ. ఒకావిడ ఇల్లు విడిచి వెళ్తోంది. పసివాడు ఆమె బట్ట అంచు పట్టుకున్నాడు. కాగితపు తలుపు మీద ఆమె నీడ మాత్రం నక్కది! నాయనమ్మ టీ కూడా ముట్టకుండా నన్ను లాక్కొచ్చేసింది.

వస్తూనే ఉప్పూ ఎండుమిరపకాయలతో నాకు దిష్టి తీసి, వాటిని కాలుతున్న పెనం మీద పడేసింది. ఇంకేముంది, పొగ అలారం చెవులు చిల్లులు పడేలా మొదలెట్టింది. "చూశావా ఎంత దిష్టో, ఇల్లే కేకలు పెడుతోంది!" అంది నాయనమ్మ. అంతలో ఆంటీ తడి తువ్వాలుతో పరుగెత్తుకొచ్చి, ముందు నన్ను బయటికి లాగి, తర్వాత కిటికీలన్నీ తెరిచింది. "పిల్లని పట్టుకుపోవడానికి ఎంత తొందరో" అని నాయనమ్మ దగ్గుతూనే సణిగింది. ఇక దాచుకోలేక, ఆ నక్క సంగతేమిటో అడగమని నన్ను తోసింది.

ఆంటీ నొచ్చుకోలేదు. పటం తెచ్చి, అద్దం తీసి, బొమ్మను నాయనమ్మ చేతుల్లో పెట్టింది. ఆవిడ ఇంగ్లీషులో కథ చెప్తుంటే నేను నాయనమ్మకి తెలుగులో చెప్పాను. నక్క ఒకటి ఆడమనిషై ఒకతన్ని పెళ్లాడి కొడుకుని కన్నదట. అసలు రూపం బయటపడ్డాక, బిడ్డను వదిలి వెళ్లక తప్పలేదట. చెప్పడమయ్యాక ఆంటీ కాగితాన్ని వెలుగుకి ఏటవాలుగా వంచింది. రంగు అద్దకుండా ఉత్త అచ్చు నొక్కిన తెల్లటి చోట, పసివాడి పిడికిలి చుట్టూ బట్ట ముడతలు ఉబ్బెత్తుగా తేలాయి. ఎదురుగా చూస్తే అవి కనబడనే కనబడవు.

నాయనమ్మ చాలాసేపు చూసింది. నేనప్పుడు ఆవిడ కొంగు పట్టుకునే ఉన్నాను. నా పిడికిలి చూసి కళ్లొత్తుకుంది. "అయ్యో, తల్లే కదే!" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇది సాయంత్రం పెరుగన్నం తప్ప ఇంకేదీ తినదని ఆవిడకి చెప్పు" అంది.

నాయనమ్మ ప్రయాణమైన రోజు ఆంటీ మామూలుగానే నడుం వంచింది. మోకాళ్ల నొప్పులున్నా మా నాయనమ్మ కూడా వంగింది, ఆవిడకంటే కిందికి.

నాయనమ్మ అనుమానం నాకూ అంటింది, అబద్ధమెందుకు! కొత్తవాళ్లెవరైనా ఊరికే మంచిగా ఉంటే నాకిప్పటికీ మనసు కీడు శంకిస్తుంది. అప్పుడు ఆ పిడికిలి గుర్తొస్తుంది. వేద్దామనుకున్న తలుపు కాసేపు తెరిచే ఉంచుతాను.