మా తమ్ముడి చెయ్యి

మా తమ్ముడికి చిన్నప్పటి నుంచీ చెయ్యి ముందు, మాట తర్వాత. అశోక్ నగర్‌లో పరీక్షలకు చదువుకునే పిల్లలు ఒక హాస్టల్ నుంచి ఇంకో హాస్టల్‌కు మారుతుంటారు. వాళ్ల పరుపులు, పుస్తకాల అట్టపెట్టెలు తన ట్రాలీ ఆటోలో వేసుకుని దింపడం వాడి పని. దారికి అడ్డంగా ఎవరైనా బండి పెడితే హారన్ కొట్టేవాడు కాదు, దిగి కాలర్ పట్టుకునేవాడు. చిక్కడపల్లిలో మా రెండు కుటుంబాలకూ ఒకటే వాకిలి. వాడి మీద ఫిర్యాదులన్నీ ముందు నా దగ్గరికే వచ్చేవి.

మా చర్చి నారాయణగూడలో. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. ఎవరితోనైనా తగాదా ఉంటే వాళ్లతో సమాధానపడి వచ్చాకే అందులో చెయ్యి పెట్టాలి. చాలామందిమి ఆ మాటకు తల ఊపి తీసేసుకుంటాం. ఒకసారి అలాంటి ఆదివారం పొద్దున్నే తమ్ముడు, దారికి అడ్డముందని మా గల్లీ దగ్గర ఇస్త్రీ చేసే ఆయన బండిని తన్ని, నిప్పులన్నీ కింద పడేసి చర్చికి వచ్చాడు. ఆ సంగతి మా పాస్టరు అయ్యగారికి అప్పటికే తెలిసిపోయింది. వాడు చెయ్యి చాపితే ఆయన పళ్లెం వెనక్కి తీసుకున్నారు.

"పోయి రా బిడ్డా. నువ్వొచ్చేదాంక నీ వంతు ఇక్కడే ఉంటది."

వాడు విసురుగా బయటికి నడిచాడు. ఇంక చర్చి గడప తొక్కడనుకున్నాను. చివరి పాట పాడుతుండగా తిరిగొచ్చాడు, చొక్కా నిండా బొగ్గు మసి. సాయంత్రం వాకిట్లో కూర్చుని చెప్పాడు.

"అక్కా, కొట్టేటప్పుడు ఎన్నడు కాళ్లు వణకలే. అన్నా, తప్పైంది అననీకె వణికినయ్. ప్రభువా, జర నా పక్కకు నిలబడు అని అడిగిన. నిలబడ్డడు."

"ఆయనేమన్నడురా?"

"కాలిన అంగి ఒకటి చూపించి, ఇది గూడ మీ ప్రభువే కొనిస్తడా అన్నడు."

కోపం ఒక్కరోజులో పోయేది కాదు. చాలాకాలం ప్రతి నెలా ఎవరితోనో గొడవ పెట్టుకోవడం, శనివారం సాయంత్రం వాళ్ల గుమ్మం ముందు నిలబడడం. వాడు కనబడితే ఇస్త్రీ ఆయన, "రేపు మీ బల్ల ఉన్నట్టుంది. ఈ నెల ఎవరెవరున్నరు?" అని ఆటపట్టించేవాడు. పోనుపోను గొడవలు తగ్గాయి. వెళ్లి వచ్చిన గుమ్మాలు మాత్రం అలాగే మిగిలాయి. నల్లా రాకపోయినా, ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోయినా ఆ ఇళ్లవాళ్లు వాడినే పిలిచేవాళ్లు. వాడేమో పొద్దున్నే మోకాళ్లూని ప్రార్థన చేసుకోకుండా ట్రాలీ తాళంచెవి ముట్టేవాడు కాదు.

మొన్న ఎండాకాలంలో ఒక హాస్టల్ ఓనరు మా గల్లీ మొదట్లో ఇల్లు కొని, పై అంతస్తుల్లో ఇంకో హాస్టల్ పెట్టాడు. తన బండ్లు లోపల పెట్టుకోవడానికి గల్లీకి అడ్డంగా ఇనుప గేటు పెట్టించి తాళం వేశాడు. మనిషి దూరేంత సందు వదిలాడు. మాకు ఇంకో వైపు దారి లేదు. ఎదురింటి పెద్దమ్మను డయాలసిస్‌కు తీసుకుపోవాలి. ఆటో లోపలికి రాక, ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఆ సందులోంచి పక్కకు తిప్పి మోసుకుపోయాం. మున్సిపల్ ఆఫీసులో అర్జీ పెడితే టైం పడుతుందన్నారు.

మళ్లీ ఆమె డయాలసిస్ రోజు వచ్చేసరికి గల్లీలోని పడుచువాళ్లు గడ్డపార తెచ్చి తమ్ముడికిచ్చారు.

"అన్నా, ఒక్క దెబ్బ నువ్వు వెయ్. మిగిలింది మేం జూస్కుంటం."

తమ్ముడు గడ్డపారను గోడకు ఆనించాడు. "పలగ్గొడితే కేసు మన మీద, రేపు మళ్ల కొత్త గేటు. నాతోని రాండ్రి. ఎవ్వరు చెయ్యి లేపొద్దు. ఎవ్వరు ఎనక్కి పోవద్దు."

నా భయమంతా వాడి చెయ్యి గురించే. అది ఒక్కసారి లేచిందా, వాడు స్టేషన్‌కు, మా దారి ఓనరుకు.

పిలిస్తే ఓనరు బయటికొచ్చాడు, వెనకే ఆయన మేనేజరు.

"సార్, గల్లీ అందరిది. పెద్దమ్మ ఇయ్యాల దవఖానకు పోవాలె. తాళం తీయండ్రి," అన్నాడు తమ్ముడు.

"నువ్వెప్పుడు లీడర్‌వైనవ్‌రా? నిన్నటిదాంక గల్లీ రౌడీవి," అంటూ మేనేజరు వాడి చెంప మీద కొట్టాడు.

తమ్ముడి పిడికిలి బిగిసింది. పెదవులు కదిలాయి. ఏం అడుగుతున్నాడో, ఎవరిని అడుగుతున్నాడో నాకు తెలుసు. పిడికిలి మెల్లగా విడిపోయింది.

"ఇంకోటి కొట్టుకో అన్నా. తాళం తీసేదాంక మేం కదలం."

అని గేటు ముందు నేల మీద కూర్చున్నాడు. నేను కూర్చున్నాను. ఆడవాళ్లందరూ కూర్చున్నారు. గడ్డపార తెచ్చినవాళ్లూ వచ్చి కూర్చున్నారు. పైన హాస్టల్ కిటికీల్లోంచి చూస్తున్న పిల్లలు, వాడు సామాన్లు మోసిన పిల్లలే, పుస్తకాలతో సహా దిగి వచ్చారు. తన హాస్టల్ పిల్లలే తన గేటు ముందు కూర్చోవడం చూసి ఓనరు జేబులోంచి తాళంచెవి తీశాడు.

"తియ్యి," అన్నాడు మేనేజరుతో.

మేనేజరు తాళం తీశాడు. గేటు తలుపులు కూడా ఊడదీయిస్తానని ఓనరు అందరి ముందూ ఒప్పుకున్నాడు. తమ్ముడు పోయి ఒక ఆటోను వెనక్కి నడిపించుకుంటూ పెద్దమ్మ గుమ్మం దాకా తెచ్చాడు.

"నీ చెంప వాచింది కద బిడ్డా, ముందు నువ్వు చూపించుకో," అంది ఆమె.

"ఎక్కు పెద్దమ్మా, నీకు టైమైతుంది," అని వాడు ఆమె చెప్పులు ఆటోలో పెట్టాడు.