ఉత్త ఫ్లాష్

కెమెరాలో రీలు ఉండే ఆ రోజుల్లో, ఊళ్ళో డాక్టరు తర్వాత అంతటివాడు ఫోటోగ్రాఫరే. (అలా అనుకున్నది ముఖ్యంగా ఫోటోగ్రాఫర్లు.) ఇనుప గనులున్న కిరందుల్ బజారులో ఒక స్టూడియోలో పనికి కుదిరిన కొత్తలో, మెడలో కెమెరా వేలాడుతుంటే లోకంలోని అందమంతా నా అనుమతి కోసం నిలబడి ఉందనిపించేది. మా గురువుగారు గనుల్లో ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి వచ్చి, అది దొరక్క కళాసేవలోకి దిగిన మనిషి. ఫోకస్ కంటే ముందు ఆయన నాకు నేర్పిన విద్య ఉత్త ఫ్లాష్. ఫ్లాష్ వెనక చిన్న బటన్ ఉండేది. అది నొక్కితే మెరుపు వస్తుంది, రీలు మాత్రం కదలదు. రీలుకేమో ముప్పై ఆరు ఫోటోలు, పెళ్ళికేమో మూడొందల మంది చుట్టాలు. "పెళ్ళికూతురి నాన్న తలూపితే క్లిక్కు. ఊపకపోతే మెరుపు. నువ్వు మాత్రం అందర్నీ చూసి ఒక్కలాగే నవ్వాల" అనేవారు. ఈ విద్యలో నాకు తొందర్లోనే మంచి పేరొచ్చింది (విషయం తెలియనివాళ్ళ దగ్గర).

బచేలి కాలనీలో ఒక పెళ్ళి. పెళ్ళికూతురి పెద్దమ్మ మరైగూడ నుంచి వచ్చింది. పెళ్ళికూతురి తల్లి మంచాన పడ్డప్పుడు ఐదేళ్ళు ఆ పిల్లను పెంచింది ఈవిడేనని నాకు తర్వాత తెలిసింది. స్టేజి ఎక్కి, పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడింది. నేను తండ్రి వైపు చూశాను. ఆయన ఎవరో ఆఫీసరుకు కుర్చీ వేయించే హడావుడిలో ఉన్నాడు, తలూపలేదు. మెరిపించాను. "కొంచెం గడ్డం ఎత్తండమ్మా" అని కూడా అన్నాను. కళ పట్ల నాకున్న శ్రద్ధ అలాంటిది.

నెల తిరక్కుండా ఆవిడ జీపులూ బస్సులూ మారి స్టూడియోకి వచ్చింది. పిల్లతో దిగిన ఫోటో కావాలంది. గురువుగారు ఇలాంటి సందర్భాలకూ పాఠం చెప్పే ఉన్నారు.

"అందులో మీ కళ్ళు మూసుకుపోయాయమ్మా, అందుకే కడగలేదు" అన్నాను.

"మూసుకపోతే ఏంది బిడ్డా. నన్ను నేను చూసుకుంటనా? పిల్లను చూసుకుంట. ఇయ్యి."

"పెళ్ళికూతురు కూడా కదిలిపోయిందమ్మా."

"కదిలినా మా పిల్లేనాయె. నేను గుర్తువడత."

నాకు పాఠాలు అయిపోయాయి. నిజం చెప్పేశాను. డార్క్ రూములో గురువుగారికి అకస్మాత్తుగా దగ్గు పట్టుకుంది. ఆవిడ తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "పిల్లను భిలాయి దిక్కు ఇచ్చిండ్రు. మల్ల ఎప్పుడొస్తదో" అంది. అంత సిగ్గు నాకు అంతకుముందెప్పుడూ వెయ్యలేదు. పోనీ ఇప్పుడు తీస్తాను, ఈసారి నిజంగానే తీస్తానన్నాను. ఆవిడ ఆలోచించి, పరదా ముందు బాగా ఒక పక్కకు జరిగి, చెయ్యి కొంచెం చాపి నిలబడింది.

"మధ్యలోకి రండమ్మా" అన్నాను.

"పిల్లకు జాగ ఉండాలె గదా. ఉన్నదనుకొని తియ్యి."

తీశాను. ఎవరూ తలూపకుండా నేను నొక్కిన మొదటి క్లిక్కు అదే. ఫోటో కడిగాక గురువుగారు దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "సగం కాగితం ఖాళీగా ఒగ్గేసినావేట్రా, ఇన్నాళ్ళూ నేర్పింది ఇదేనా" అని మండిపడ్డారు. ఆవిడకు ఒకటి పంపి, ఆయనకు తెలియకుండా నాకొకటి దాచుకున్నాను.

ఇప్పుడు నా ఫోన్లో వేల ఫోటోలున్నాయి. సగం వాటిలో నా బొటనవేలే ఉంటుంది. మొన్న మా కోడలు ఆ పాత ఫోటోను ఫోన్లోకి ఎక్కిస్తూ, "పక్కన ఖాళీ బాగా ఎక్కువైంది మామయ్యా, కత్తిరించేస్తే ముసలావిడ చక్కగా కనబడుతుంది" అంది.

"వద్దమ్మా, అందులో ఇద్దరున్నారు" అన్నాను.

ఆ అమ్మాయి నా కళ్ళజోడు వైపు ఒకసారి అనుమానంగా చూసి, రెండు వేళ్ళతో ఫోటోను పెద్దది చేసి, రెండో మనిషి కోసం వెతకడం మొదలుపెట్టింది.