అంచు చూడమన్న మా బావ

మా బిడ్డకు ఉద్యోగం వచ్చింది! అయ్యా, అమ్మా, ఇది చదివేది ఎవరైనా సరే, ముందు ఈ మాట వినండి. హైదరాబాదులో ఆడవాళ్ల చేతిసంచులు కుట్టి విదేశాలకు పంపే కంపెనీలో తోలు పరీక్ష చేసే పని. పొద్దున పదకొండు గంటలకు పోస్టుమ్యాన్ కవరు ఇచ్చిపోయాడు. ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి, అయినా ఆ నాలుగు వరుసలు ఇప్పటికి ఇరవైసార్లు చదివాను. ఆ పిల్లకు ఈ పని నేర్పిన మనిషి, నా భార్యకు అన్న, నాకు బావ, చనిపోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. భద్రాచలం దవాఖానాలో ఊపిరి అందక పోయాడు. సంతోషం పట్టలేకుండా ఉన్నాను. అబద్ధమెందుకు, భయం కూడా ఉంది. ఆ భయం ఏమిటో తెలియాలంటే మా బావ ఎలాంటివాడో మీకు తెలియాలి.

మణుగూరులో బొగ్గుబావి కాలనీకి పోయే దారిలో ఆయనకు రేకుల దుకాణం ఉండేది. బావిలో దిగే మాలాంటివాళ్ల బూట్లు, నడుముకు కట్టుకునే బ్యాటరీ బెల్టులు బాగుచేసేవాడు. తరువాత ఆఫీసర్ల ఇండ్లలోని ఆడవాళ్లు చేతిసంచులు తేవడం మొదలుపెట్టారు. పట్టీ తెగిందనో, గొలుసు ఊడిందనో. వాటిని విప్పి, కుట్టి, విప్పి, కుట్టి, చివరకు అలాంటి సంచులు తనే కుట్టడం నేర్చుకున్నాడు. పట్నం దుకాణాల్లో అద్దాల వెనక పెట్టే సంచికీ, మా బావ కుట్టిన సంచికీ పేరు తప్ప తేడా ఉండేది కాదు.

ఏ సంచి చేతికొచ్చినా ముందు కళ్లు మూసుకునేవాడు. బొటనవేలితో నొక్కేవాడు. అసలు తోలైతే వేలి చుట్టూ సన్నని ముడతలు లేస్తాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ముసలమ్మ చెంప మీది గీతల్లాగ. పైన ప్లాస్టిక్ పూత దట్టంగా ఉంటే వేలు దిగుతుంది, తీయగానే ఏమీ కానట్టు మళ్లీ నున్నగా అవుతుంది.

"సిగ్గులేనోని మొఖం లెక్క" అనేవాడు నవ్వుతూ.

పూత వేస్తే చాలు మోసమే అని నేనొకసారి అన్నాను. ఆయనకు కోపం వచ్చింది.

"గట్ల అనకు బావా. పల్చగ ఏస్తే అది కాపలా. మందంగ ఏస్తే ముసుగు. రెంటికి ఫరక్ తెల్వాలె."

అంత తెలిసిన మనిషే ఒక తప్పు చేశాడు. మా బావ వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచి తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి తోలు ఊనేవారు, అంటే పచ్చి తోలును కుళ్లకుండా పదును చేసేవారు. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచే ఆయనకు ఆ వాసన తెలుసు. ఒక వ్యాపారి ఆ సంగతి కనిపెట్టి, పూత వేసిన నాసిరకం ముక్కలను తంగేడు చెక్క పొడిలో పొర్లించి తెచ్చాడు. బావ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, చిన్నతనం గుర్తొచ్చింది, కోసి అంచులో పొరలు చూడలేదు. ఆ కట్టంతా తీసుకుని పన్నెండు సంచులు కుట్టాడు. పదకొండు ఆఫీసర్ల ఇండ్లకు పోయాయి. ఒకటి తన భార్యకు ఇచ్చాడు. బావ భార్యను నేను అక్కా అని పిలుస్తాను. వానాకాలంలో మా ఇండ్లలో తోలు వస్తువు ఏదైనా బూజు పట్టకుండా పొయ్యి పైన దండేనికి వేలాడదీస్తాం. అక్క కూడా తన సంచిని అలాగే వేలాడదీసింది. వారం రోజులకు ఆ వేడికి పూత ఉబ్బి, ఉడికిన ఆలుగడ్డ పొట్టులాగ లేచింది.

బావ ఆ సంచిని కిందికి దించి, నేల మీద పెట్టుకుని, అంచు కోసి చూశాడు. "ఇగ పదకొండు ఇండ్లు" అన్నాడు. మరునాడే బయలుదేరాడు. ఒక్కరు కూడా ఇంకా ఫిర్యాదు చేయలేదు. అయినా గేటు గేటుకూ పోయి, "అమ్మా, ఆ సంచి నాకు వాపసియ్యండి, నేను తప్పు జేసిన" అని చెప్పి తెచ్చుకున్నాడు. ఆ పదకొండింటికీ పదకొండు కొత్తవి కుట్టి ఇచ్చాడు. ఆ ఏడాది నుంచి, కొత్త తోలు మీద రంపె పెట్టే ముందు ఆయన చెయ్యి వణికేది. తోలు కోసే ఆ కత్తి అంచు చప్పుడు చేసేంతగా వణికేది. వయసు మీద పడింది కదా అని నేనంటే ఒప్పుకునేవాడు కాదు.

"వయసు గాదు, భయం. భయం ఉన్నన్ని రోజులే పని సక్కగుంటది. ముక్కు మనింటి మనిషి బావా, మనకు నచ్చిందే చెప్తది. అంచు పరాయిది. అది ఎవ్వని మొఖం చూడదు."

మా బిడ్డ ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నప్పుడు ఆయనే వచ్చి దుకాణానికి తీసుకుపోయాడు. తోలు ముక్కలు వరుసగా పెట్టి చెప్పమనేవాడు. పిల్ల మొదలే వాసన చూడబోతే, చేతిలోని దారంతో వేళ్ల మీద చిన్నగా కొట్టేవాడు. "ముందు అంచు, తర్వాత వెనక, ముక్కు ఆఖరుకు." పక్కింటావిడ ఒకనాడు దుకాణం ముందు నిలబడి అక్కతో అన్నది:

"ఆడపిల్లను తోలు ముందట కూసోబెట్టిండ్రు. రేపు సంబంధం ఎట్లొస్తదే?"

అక్క తలెత్తకుండానే జవాబిచ్చింది. "మీ ఇంటాయన చెప్పు తెగితే ఎవల తానికొస్తడు వదినా? పిల్లగాడు గూడ గట్లనే వస్తడు తియ్యి."

హైదరాబాదు కంపెనీ పరీక్షకు నేను తోడు పోయాను. తలుపు దగ్గర కుర్చీ వేశారు. పెద్దసారు బల్ల మీద నాలుగు సంచులు పెట్టాడు, నాలుగూ ఫారిన్ మాలే. మూడింటి గురించి మా బిడ్డ గబగబా చెప్పేసింది. నాలుగోది ఎత్తి పట్టుకుంది, నొక్కింది, వంచింది, లోపల చెయ్యి పెట్టింది. ఆఖరుకు వాసన చూసింది. ఆ వాసన నా కుర్చీ దాకా వచ్చింది, కమ్మని తోలు వాసన. నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్ల మాత్రం సంచి కింద పెట్టింది.

"సార్, పట్టీ కింద రెండు కుట్లు విప్పుతా."

"అది ఎక్కడి సంచో తెలుసా అమ్మా?"

"ఎక్కడిదైనా అంచు అంచే సార్."

విప్పాక అది అసలు తోలని తేలితే? ఆ సంచి ఖరీదుకు నా పింఛను ఎన్ని నెలలది పోవాలి? పిల్ల, తన మామ ఇచ్చిన తోలు పొడిచే ఆరె తీసి, దాని మొనతో రెండు కుట్లు లేపి, అంచును కిటికీ వెలుగుకు పెట్టింది.

"కింద తోలే సార్. కాని పై పొర కాదు, చీల్చిన రెండో పొర. దాని మీద ప్లాస్టిక్ పూత, పాల మీద మీగడ లెక్క కనబడుతున్నది. రెండు వానాకాలాలకు మడతల కాడ లేస్తది."

పెద్దసారు సంచి తీసుకుని లోపలికి పోయాడు. ఉత్తరం వస్తుంది, పొమ్మన్నారు.

నెల దాటింది, రాలేదు. ఇంతలో బావను భద్రాచలం దవాఖానాలో చేర్చాం. రోజూ పొద్దున ఒకటే మాట. "చీటీ వచ్చిందా?" రాలేదంటే మళ్లీ మొదలుపెట్టేవాడు. "ఏడ విప్పింది కుట్టు? అంచు ఏ రంగుంది? నా పన్నెండు సంచులోలెనే అయిందా ఏంది? నేనే తప్పు నేర్పిన్నా?" ఊపిరి చాలకపోయినా అడిగేవాడు. చావంటే ఆయనకు అంత భయం కనిపించలేదు. పిల్లకు తప్పు నేర్పానేమోనన్నదే భయం.

ఆఖరు రోజు పొద్దున మంచం చుట్టూ అందరం ఉన్నాం. మళ్లీ అడిగాడు. నాకు నోట్లోంచి వచ్చేసింది.

"వచ్చింది బావా. ఉద్యోగం వచ్చింది."

కాళ్ల దగ్గర నిలబడిన మా బిడ్డ నా వంక చూసింది.

"ఏం రాసిండ్రు?" అన్నాడు బావ.

"అది పూతేనని రాసిండ్రు. పిల్ల చెప్పింది నిజమేనని రాసిండ్రు."

బావ కళ్లు మూసుకుని, నా మణికట్టును పట్టుకుని, బొటనవేలితో నొక్కాడు. ఎంతసేపు నొక్కాడో తెలియదు. తరువాత వేలు వదిలి, "మంచిగైంది" అన్నాడు. మధ్యాహ్నానికి పోయాడు.

ఈ తొమ్మిది రోజులు నేను ఎలా బతికానో దేవుడికే తెలుసు. సైకిల్ గంట వినిపిస్తే వాకిట్లోకి ఉరికేవాణ్ణి. వచ్చినవాళ్లంతా పిల్ల తల నిమిరి, మామ చల్లగా విని పోయిండు బిడ్డా అనేవారు. పిల్ల తల వంచుకునేది. రాకపోతే ఏం చేస్తవు నాయినా, మామకే అబద్ధం చెప్తివి గద, అని ఒక్కసారే అడిగింది. తరువాత నాతో మాట్లాడలేదు. చావబోయే మనిషికి పూత వేసిన మాట ఇచ్చి పంపానా అని నేను నాలో నేనే కుమిలిపోయాను.

ఇవాళ వచ్చిన ఉత్తరంలో, నాలుగో సంచిని తమ దగ్గర కోసి చూశామనీ, పిల్ల చెప్పినట్టే ఉందనీ, వచ్చే ఒకటో తారీఖున చేరమనీ రాశారు. నేను కేకలు పెట్టి గంతులేశాను, ఈ వయసులో! మా బిడ్డ కూడా ఏడ్చింది, నవ్వింది. తొమ్మిది రోజుల తరువాత నాయినా అని పిలిచింది. కాగితం మడతపెట్టి నా చేతిలో పెట్టి అన్నది:

"మామకు చెప్పిననాడు ఇది లేదు గద నాయినా. అందరికి చెప్పు."

రేపు పదో రోజు, అందరూ వస్తారు. వాళ్లకు ఉద్యోగం సంగతి ఇదివరకే తెలుసు. నేను చెప్పవలసింది, ఆ రోజు అది నిజం కాదని. చెప్పవలసినవాళ్లు వీళ్లు.

నా భార్యకు. అన్న ముందు తల ఎత్తుకునేలా చేశావని ఆ రోజు నా చేతులు కళ్లకద్దుకుంది.

కారేపల్లిలో ఉండే నా చెల్లెకు. దవాఖానా వరండాలో నర్సులకు చక్కెర పంచింది.

తిరుమలాయపాలెంలో మా మామగారికి. ఆయనకు ఎనభై దాటాయి, చెవి దగ్గర గట్టిగా చెప్పాలి. నా కొడుకు ఆ మాట విని పోయిండని ఊరంతా చెప్పుకుని బతుకుతున్నాడు.

ఆఖరున, అందరికంటే ముందు చెప్పవలసిన అక్కకు. వాన తెరిపిచ్చింది. వాకిట్లో నులక మంచం వాల్చి, బావ మిగిల్చిన తోలు ముక్కలను ఎండకు పరుస్తోంది. ఒక్కొక్కటి తిప్పి, అంచు చూసి, పెడుతోంది.