దూరం తెలియని పందెం

అది ఎనభైల మొదట్లో. నా భార్య పోయి నెలయింది. మిగిలిన ఏళ్లు ఎలా గడపాలో తోచేది కాదు. జగ్గయ్యపేటలో బస్సెక్కితే, పక్కన కూర్చున్న పెద్దాయన గ్రాఫు కాగితం మీద వంపు గీత గీస్తున్నాడు. పందెపు గుర్రం ఎక్కడెంత బలం వాడాలో లెక్కట.

"ఏది గెలుస్తుందండీ?"

"అది తెలిస్తే ఈ బస్సెందుకెక్కుతానండీ? ఎక్కడ అలిసిపోద్దో మాత్రం చెప్తా."

"ఎంత దూరం పరిగెత్తాలో దానికి తెలియకపోతే?" చిల్లకల్లు దగ్గర అడిగాను.

ఆయన గీయడం ఆపాడు. కిటికీలో పత్తిచేలు తెల్లగా, నిద్రలోలా జారిపోయాయి. నందిగామలో దిగబోతూ కాగితం వెనక ఒక తిన్నని గీత గీసి నా చేతిలో పెట్టాడు.

"అప్పుడు ఒకటే నడకండీ. హెచ్చూ తగ్గూ లేకుండా."

ఇంటికొచ్చి, ఆ నెలలో మొదటిసారి, ఒక్కరికి సరిపడా బియ్యం కడిగాను.