కంచు అద్దం పోసింది నేనే

కరోనా తగ్గి పనులు మళ్లీ మొదలైన చలికాలంలో, షార్జా సనయ్యాలో, అంటే ఫ్యాక్టరీల పేటలో, మేం పనిచేసే పోత కార్ఖానాకు ఒక అరబ్బు పెద్దాయన వచ్చాడు. గాజు అద్దాలు రాకముందు దుర్భిణిలో లోహపు అద్దాలు పెట్టేవారట. అలాంటిదే, పెద్ద పళ్లెమంత, పాత పద్ధతిలో కావాలన్నాడు.

భట్టీ పని నాది. రాగిలో తగరం బాగా ఎక్కువ కలిపితే కంచు వెండిలా తెల్లబడుతుంది, కానీ గాజులా పెళుసెక్కుతుంది. మొదట పోసినవన్నీ చల్లారుతూ పగిలిపోయాయి. ముదీర్, అంటే మా మేనేజరు, అందరి ముందూ నన్ను తిట్టాడు. చివరికి వేడి ఇసుకలో కప్పెట్టి, రోజుల తరబడి నెమ్మదిగా చల్లార్చాను. బిళ్ల నిలిచింది.

మెరుగు పెట్టే పని కూడా నాకే ఇస్తారనుకున్నాను. ముదీర్ దాన్ని నెల్లూరు నుంచి కొత్తగా వచ్చిన సాయిబుకు ఇచ్చాడు. అల్ నహ్దాలో అతనిదీ నాదీ ఒకే గది. కింది మంచం నాది, పై మంచం అతనిది. ఆ రోజు నుంచి అతను పైన కదిలినా నాకు ఒళ్లు మండేది.

తారు పూసిన దిమ్మె మీద ఎర్ర పొడి, నీళ్లు వేసి అతను అద్దాన్ని రుద్దేవాడు. మసక లోహంలో అతని ముఖం తేలసాగింది. చూడవచ్చిన వాళ్లంతా ఆ మెరుపునే మెచ్చుకున్నారు. పోసిందెవరని ఒక్కరూ అడగలేదు.

ఆఖరి రోజు చెయ్యి ఆపితే అద్దం వంపు చెడుతుందని పెద్దాయన చెప్పాడు. పూర్వం ఒకాయన ఇలాగే రుద్దుతుంటే చెల్లెలు నోట్లో అన్నం పెట్టేదట. ముదీర్ నవ్వి, నా వైపు చూసి, "తూ ఖిలా" అన్నాడు, నువ్వే తినిపించమని.

నేను వండుకున్న పప్పన్నం నా చేత్తోనే అతనికి పెట్టాను. కావాలనే పెద్ద ముద్దలు కలిపాను.

"చిన్నవి పెట్టన్నా, నమల్లేకుండా ఉండా," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అదీ నాకు నచ్చలేదు.

అద్దం దుర్భిణిలో బిగించాక పెద్దాయన మమ్మల్ని ఎడారికి తీసుకెళ్లాడు. చందమామను మొదట సాయిబుకే చూపించాడు. అతను చూసి, పక్కకు జరిగి, నన్ను ముందుకు తోసి, "ఢాలా తో ఇన్హోనే, సాబ్," అన్నాడు. అద్దం పోసింది ఇతనేనని. పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. సంతోషించాల్సిన మాటే. కానీ నాకు దక్కాల్సిన పేరు కూడా అతని చేతి మీదుగా రావడం నన్ను మరింత కాల్చింది. చందమామను సరిగా చూడనే లేదు.

తరువాత పెద్దాయన అబుదాబిలో ఇంకా పెద్ద అద్దం చేయించాలని సాయిబును పిలిపించుకున్నాడు. వెళ్లే ముందు అతను నా మంచం అంచున కూర్చున్నాడు.

"అన్నా, భట్టీకి నువ్వే రావాలి. ఇంకొకరి పోత నేను నమ్మను."

"నేను రాను. ఇక్కడ్నే మంచిగున్నది," అన్నాను.

ఎందుకు పోలేదని మా ఇంటామె ఫోన్‌లో అడిగితే, అక్కడ గది దొరకదని చెప్పాను. అతను భట్టీకి ఇంకొకణ్ణి పెట్టుకున్నాడని విన్న రోజు మాత్రం నాకు అన్నం సయించలేదు.