మేస్త్రి చెక్కిన గుంత

పోయిన ఆదివారం మన వీధి తెలుగువాళ్ళ సమావేశంలో కార్యదర్శి అమ్మాయి, మేస్త్రి చనిపోయిన కబురు చెబుతూ, "మన వీధిలో ప్రతి ఇంటికీ టైల్స్ వేసిన మనిషి" అన్నది. అందరూ తలలూపారు. చావు కబురు మధ్యలో తప్పులు దిద్దడం బాగుండదని నేనూ నోరు మూసుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల నోటుపుస్తకాలు దిద్దిన చెయ్యి కదా, వారానికి మించి ఆగలేకపోయింది. ప్రతి ఇంటికీ కాదమ్మా. ఒక్క ఇంటి లోపల వేయలేదు. అది మా ఇల్లు. నేనే పిలిచి, టైల్స్ కొని వరండాలో పేర్పించి, మంచిరోజు కూడా చూపించుకున్నాక ఆయన వేయనన్నాడు. మన పత్రికకు నాలుగు మాటలు రాయమన్నారు కాబట్టి ఆ సంగతే రాస్తున్నాను.

మేస్త్రి హొసకోటెలో తన ఇంట్లోనే పోయాడు. పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, గుమ్మం పక్కన నేల మీద కూర్చొని టీ అడిగాడట. భార్య టీ తెచ్చేలోగా గోడకు తల వాల్చాడు. కునుకు తీస్తున్నాడనుకొని ఆమె గ్లాసు మీద సాసరు మూతపెట్టి పక్కన ఉంచిందట. ఫోనులో ఆమే నాకు చెప్పింది. 

నేల మీద కూర్చొని పోయాడంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. మా ఇంట్లో ఎన్నడూ కుర్చీలో కూర్చోలేదు. "నేల పని చేసేటోణ్ణి. దాని మింద కూచోకపోతే దాని సంగతి నాకెట్ల తెలుస్తాది?" అనేవాడు. టీని సాసరులో పోసుకొని జుర్రుమంటూ తాగేవాడు. ఆ చప్పుడుకు గేటు దగ్గర పడుకున్న కుక్క తలెత్తి చూసేది. మదనపల్లె వైపు నుంచి వయసులో ఉండగానే ఈ కన్నడ ఊరికి వచ్చాడు. వారమంతా బెళ్ళందూరు అపార్ట్‌మెంట్లలో టైల్స్ వేసి, ఆదివారం మాత్రం మన వీధి పనులు చూసేవాడు. వేసిన ప్రతి టైలునూ తాపీ పిడితో తట్టి, చెవి వంచి వినేవాడు. బోలుగా మోగిందా, ఎవరూ అడగకుండానే పీకి మళ్ళీ వేసేవాడు.

తొంభైల మధ్యలో కుందలహళ్ళిలో ఆఫీసులు మొలిచి, ఇళ్ళకు అద్దెలు పెరిగి, అందరికీ టైల్స్ జ్వరం పట్టుకున్న రోజులు. మాది పాతకాలపు ఎర్ర గచ్చు. పటంలో నదులు గీసినట్టు హాలంతా పగుళ్ళు. మా స్కూల్లో లెక్కల టీచరు ఇంట్లో పాలలాంటి తెల్లటి టైల్స్ చూసి వచ్చాక నాకు ఆ ఎరుపు చూస్తే ఒళ్ళు మండేది. బాగు చేయించడం పేదరికమని, పీకి కొత్తది వేయించడమే మర్యాదని నా తెలివితేటలు.

అప్పటికి మా అత్తగారికి ఎనభై దాటాయి. చక్కెర జబ్బుతో చూపు పోయి రెండేళ్ళు. అయినా ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. మంచం నుంచి వంటింటికి, వంటింటి నుంచి దేవుడి గదికి తనంతట తానే నడిచేది. అడుగులు లెక్కపెట్టుకుంటుందని నేను అనుకునేదాన్ని.

మేస్త్రి సుత్తి, ఉలి పట్టుకొని హాల్లో నిలబడ్డాడు. అత్తగారు గదిలోంచి బయలుదేరింది. ఆయన పక్కకు తప్పుకొని ఆమె పాదాలనే చూస్తూ ఉండిపోయాడు.

"పెద్దమ్మకు కండ్లు కనపడవా?" అని మెల్లగా అడిగాడు.

"కనపడవు. నా తప్పులు మాత్రం కనపడతాయి."

"చెవులు పోలేదే ఇంకా," అన్నది అత్తగారు, నడక ఆపకుండానే.

మేస్త్రి సుత్తి కింద పెట్టాడు. చెప్పులు ఎలాగూ బయటే విడిచాడు. కళ్ళు మూసుకొని ఆమె వెనకాలే పాదం రుద్దుతూ నడిచాడు. చూసేవాళ్ళకు నవ్వొచ్చేలా ఉంది గానీ, వంటింటి దగ్గర కళ్ళు తెరిచి ఆయన నావైపు చూసిన చూపుకు నా నవ్వు ఆగిపోయింది.

"టీచరమ్మా, ఈ పెద్ద పగులు తగిలితే ఎడమకు తిరుగుతాది. రోలుండిన చోట అరిగిన పల్లం వస్తే వంటిల్లు. దేవుని గది ముందర చిన్న గుంత ఉండాది, ఆడ ఆగి కుడికి తిరుగుతాది. ఈ నేలను పీకితే పెద్దమ్మను మంచానికి కట్టేసినట్టే."

పాతికేళ్ళు ఆ ఇంటి కోడల్ని. బడిలో వందల మందికి దిక్కులు నేర్పిన టీచర్ని. నాకు ఆ సంగతి తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నోరు రాక, "నాలుగు రోజుల్లో కొత్త నేల అలవాటవుతుందిలే," అన్నాను.

"ఎనభై ఏండ్ల మనిషిని ఇంగోసారి ఒకటో తరగతిలో కూచోబెడతారా?"

బడి పేరెత్తి నన్ను ఓడించిన మనిషి ఆయన ఒక్కడే.

ఆ తర్వాత జరిగిన పని నేను మరే ఇంట్లోనూ చూడలేదు. అత్తగారిని హాలు మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఒక్కో పగులు దగ్గరికీ కుర్చీ జరిపి, ఆమె పాదం పట్టుకొని ఆనించి అడిగాడు.

"ఇది ఉండల్నా, పూడ్చల్నా పెద్దమ్మా?"

"ఉండనీ అప్పా. అది నాకు కావల్ల."

"ఇదో?"

"పూడ్చెయ్. బొటనవేలు పట్టుకుంటాది."

"మరి ఇది?"

"అది కోడలు పెట్రోమాక్సు లైటు పడేసినప్పుడు పగిలింది. అట్లే ఉండనీ, గుర్తుకు."

సిమెంటులో ఎర్ర రంగు కలిపి, పాత ఎరుపుకు సరిపోయేదాకా మూడుసార్లు కలిపి పారేశాడు. హాలును రెండు సగాలు చేసి, ఒక సగం ఆరేదాకా రెండోది ముట్టలేదు, ఆమె దారి మూసుకుపోకూడదని. తడిగా ఉన్న వైపు ఆమె పోకుండా మంచం కోడు నుంచి వంటింటి తలుపుదాకా నులక తాడు కట్టాడు. అన్నీ ఆరాక కొబ్బరినూనె గుడ్డతో తుడిచాడు. పగుళ్ళతోనే ఆ నేల తళతళలాడింది.

ఒక్క తప్పు చేశాడు. అది పనివాడి తప్పు. చేతిలో మిగిలిన సిమెంటు పారెయ్యబుద్ధికాక, ఎవర్నీ అడగకుండా దేవుడి గది ముందున్న గుంతను నున్నగా పూడ్చేశాడు. మర్నాడు నేను స్కూలుకు చీర కట్టుకుంటుంటే పెరటి వైపు నుంచి అత్తగారి గొంతు వినిపించింది. ఎన్నడూ విననంత చిన్న గొంతు.

"కోడలా, నేను యాడ ఉండాను?"

గుంత తగలక దేవుడి గది దాటిపోయి, పెరటి మెట్ల అంచున నిలబడి ఉంది. ఒక పాదం గాల్లో ఉంది. వెళ్ళి పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి విదిలించలేదు. నాకు భయం వేసింది అందుకే.

కబురు పంపితే ఆదివారం దాకా ఆగకుండా ఆ సాయంత్రమే వచ్చాడు మేస్త్రి.  గుంత ఉన్న చోట కూర్చొని, తాను నున్నగా చేసిన పనిని తానే ఉలితో చెక్కాడు. నాలుగు దెబ్బలు కొట్టడం, అత్తగారి పాదం ఆనించి చూడడం, మళ్ళీ నాలుగు దెబ్బలు. చివరికి ఆమె బొటనవేలు అందులో కుదురుగా కూర్చుంది.

"ఆ... ఇది నాది," అన్నది.

"జల్మంతా గుంతలు పూడ్చినాను పెద్దమ్మా. నా చేత్తో చేసిన గుంత ఇదొక్కటే," అన్నాడు. ఆ మాట తర్వాత చాలాసార్లు, చాలా ఇళ్ళల్లో, కాస్త గర్వంగానే చెప్పుకునేవాడని విన్నాను.

ఆమె ఇంకో నాలుగేళ్ళు ఉంది. చివరి వారం దాకా తన కాళ్ళ మీదే నడిచింది. ఆమె పోయాక మేస్త్రిని పిలిచి, "ఇప్పుడైనా వేస్తావా?" అని అడిగాను. నేల మీద కూర్చొని, గుంతలో వేలు పెట్టి అంచు చుట్టూ తిప్పాడు.

"మీకు వయసెంత టీచరమ్మా?"

"ఆడవాళ్ళ వయసు అడిగే మేస్త్రివి ఎప్పుడయ్యావు?"

"సుమ్నే, ఊరికే అడిగినా. టైల్స్ యాడికీ పోవు. ఉండనీండి."

ఆ టైల్స్ చివరికి పెరట్లో బట్టలుతికే చోట వేశాడు. పోయినేడు కళ్ళ డాక్టరు నాకు నీటికాసుల జబ్బని, పోయిన చూపు తిరిగి రాదని చెప్పాడు. పక్కల నుంచి చూపు తగ్గుతూ వస్తోంది. ఈ నాలుగు మాటలూ నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఇప్పుడు నేనూ ఇంట్లో ఎవరి చెయ్యీ పట్టుకోను. పగులు తగిలితే ఎడమకు, పల్లం వస్తే వంటిల్లు. మేస్త్రికి ఈ సంగతి చెప్పాలనుకుంటూనే ఉన్నాను. ఆదివారం వస్తాడు కదా, అప్పుడు చెబుదామనుకున్నాను.

కార్యదర్శి అమ్మాయీ, అచ్చుకు ముందే ఇది చదివేదానివి, తప్పు నీది కాబట్టి పనీ నీదే. సోమవారం తొమ్మిదింటికి బాత్రూము గొట్టం మార్చడానికి కొత్త మేస్త్రి వస్తున్నాడు. మంచి పనివాడట, అదే నా భయం. నువ్వు ఎనిమిదిన్నరకే రా. మీ పిల్లల దగ్గర సుద్దముక్క ఒకటి అడిగి తెచ్చుకో. దేవుడి గది ముందు, గుమ్మానికి రెండు జానల దూరంలో గుంత ఉంటుంది. దాని చుట్టూ గుండ్రంగా గీసి, దీన్ని పూడ్చకూడదని పక్కన కన్నడలో పెద్ద అక్షరాలతో రాయి. వెతుక్కునే పని లేదు. నేను అక్కడే నిలబడి ఉంటాను. నువ్వు వచ్చేదాకా అందులోంచి బొటనవేలు తీయను.