వంకర కనుబొమ్మ

ముప్ఫై ఏళ్లు పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసిన పార్లరక్క, చేతులు వణుకుతున్నాయని పార్లర్ మూసేసింది. ఇప్పుడు మధ్యాహ్నాలు ఒంటరిగా ఫోన్‌లో ఎమోజీ బొమ్మకు మేకప్ వేసే ఉచిత ఆట ఆడుతుంది.

ఒకరోజు వేలు జారి బొమ్మ కనుబొమ్మ వంకరపోయింది. అయినా ఆట అయిదు ఎర్రటి హార్టులు కురిపించింది. పార్లరక్కకు ఒళ్లు మండింది. కావాలనే లిప్‌స్టిక్ ముక్కుదాకా పూసింది. మళ్లీ అయిదు హార్టులే.

“ఇదే మా వదినకు చేసుంటే ఇల్లు పీకి పందిరేసేది,” అంది బొమ్మతో.

తన పెళ్లిరోజున పార్లరక్క వేసిన మేకప్ నచ్చలేదని మూడుసార్లు ముఖం కడుక్కున్న ఆ వదినకే బొమ్మను పంపింది. “ఎలా ఉంది వదినా? దాచకుండా చెప్పు,” అని రాసింది.

సాయంత్రందాకా ఫోన్ చేతిలోనే పెట్టుకుంది. చివరికి జవాబొచ్చింది. మాట లేదు, అయిదు హార్టులు.